పాత హ్యాచ్‌బ్యాక్‌కు పికప్ ఎక్కడి నుంచి వస్తుంది?

సాలూరు దాటాక 26వ నంబరు జాతీయ రహదారి సుంకి ఘాటు ఎక్కడం మొదలుపెడుతుంది. ముందు లోడుతో మూలుగుతూ పాకే లారీ ఒకటి ఉంటుంది, వెనక హారన్ కొట్టే జీపు ఒకటి ఉంటుంది, మలుపుకూ మలుపుకూ మధ్య తిన్నగా కనిపించే దారి రెండు వందల మీటర్లకు మించదు. ఆ కాస్త దూరంలో బండి గంటకు 40 కిలోమీటర్ల నుంచి 70కి ఎంత త్వరగా చేరుతుందన్నదే ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లాలో పికప్ అనే మాటకు అసలు అర్థం. సెమిలిగూడ, సునాబెడ, జయపురంలలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ ఓఆర్-10 నంబరు పలకతో తిరిగే పాత హ్యాచ్‌బ్యాక్‌లు చాలానే కనిపిస్తాయి. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, 2005లో వచ్చిన మొదటి తరం స్విఫ్ట్ 1.3 పెట్రోల్, ఆ తర్వాత 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ వంటివి తమ కాలంలో చిన్న శరీరానికి పెద్ద గుండె ఉన్న బళ్లుగా పేరు తెచ్చుకున్నాయి. వాటిని తక్కువ ఖర్చుతో ఇంకాస్త చురుకుగా చేయవచ్చా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు అందరూ మొదట అడిగేది ఏ సైలెన్సర్ వేయించాలి, ఏ ఫిల్టర్ పెట్టించాలి అనే. ఆ ప్రశ్న తప్పని అనను గాని, అది వరసలో నాలుగో అయిదో ప్రశ్న కావాలి. ముందు రావలసినది, ఇంజను పుట్టించిన శక్తి దారిలో ఎక్కడెక్కడ ఖర్చైపోతున్నదన్న ప్రశ్న.

ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి తరం స్విఫ్ట్ 1.3 ఇంజను కాగితం మీద 87 హార్స్‌పవర్ ఇస్తుంది, అంటే సుమారు 64 కిలోవాట్లు. బండి, నడిపేవాడు, ట్యాంకులో ఇంధనం కలిపి 1100 కిలోలనుకుంటే, ఆ బరువును నిశ్చల స్థితి నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగానికి తేవడానికి కావలసిన శక్తి దాదాపు 424 కిలోజౌళ్లు. క్షణమైనా వృథా కాకుండా 64 కిలోవాట్లూ చక్రాలకు చేరితే ఆ పని ఆరున్నర సెకన్లకు కాస్త పైన అయిపోవాలి. కాని ఈ బండి సెమిలిగూడలో, మంచి స్థితిలో ఉన్నా, పదమూడు పద్నాలుగు సెకన్లు తీసుకుంటుంది. మిగిలిన ఏడు సెకన్లు ఏమయ్యాయి? సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున గాలి పలచబడి ఇంజను శక్తిలో పదో వంతు పోతుంది. గేరుబాక్సు, యాక్సిల్, టైర్ల మధ్య ఇంకో పన్నెండు పదిహేను శాతం వేడిగా మారిపోతుంది. ఇంజను తన గరిష్ఠ శక్తిని 6000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర మాత్రమే ఇస్తుంది కాబట్టి, గేరు గేరుకూ కింది నుంచి పైకి పోయే దారిలో సగటున ఆ శక్తిలో నాలుగింట మూడు వంతులకు కాస్త పైన మాత్రమే అందుతుంది. రెండు సార్లు గేరు మార్చేటప్పుడు ఒక సెకను పైచిలుకు ఉత్తినే పోతుంది. గాలిని చీల్చుకుపోవడానికీ, టైరు దొర్లడానికీ, చక్రాలను గిర్రున తిప్పడానికీ మిగతాది సరిపోతుంది. ఇదంతా ఆరోగ్యంగా ఉన్న బండి సంగతి. ఇరవై ఏళ్లు నడిచిన బండిలో ఈ చిల్లులన్నీ ఇంకాస్త పెద్దవై ఉంటాయి, కొత్తవి కూడా పడి ఉంటాయి. తక్కువ డబ్బుతో పికప్ తేవడమంటే ముందుగా ఈ చిల్లులను ఒక్కొక్కటిగా పూడ్చుకోవడమే.

ఘాటు ఎక్కేటప్పుడు ఇంకో ఖర్చు తోడవుతుంది. నూరు మీటర్ల దూరానికి ఆరు మీటర్లు ఎక్కే వాలు మీద 1100 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని నిలుపుకోవడానికే పదకొండు కిలోవాట్ల దాకా, అంటే సుమారు పదిహేను హార్స్‌పవర్, భూమ్యాకర్షణకు కప్పం కట్టాలి. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో కుందులి సంత నుంచి తెచ్చిన అల్లం బస్తా ఉంటే ఆ కప్పం ఇంకా పెరుగుతుంది. లారీని దాటడానికి మిగిలేది ఆపైన ఉన్న శక్తి మాత్రమే కాబట్టి, మైదానంలో ఎవరూ పట్టించుకోని పది శాతం నష్టం ఇక్కడ పాతిక శాతంలా తెలుస్తుంది.

ఎత్తు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మైదాన ప్రాంతాల వారి అనుభవాలు చదివి ఇక్కడి బండికి మందు వేయడం వల్ల చాలా డబ్బు వృథా అవుతున్నది. పెట్రోల్ ఇంజను ఎంత గాలిని పీల్చగలిగితే అంత ఇంధనాన్ని కాల్చగలదు, అంత శక్తినే ఇవ్వగలదు. సెమిలిగూడ ఎత్తులో వాతావరణ పీడనం 910 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది, సాలూరులో 1000 దగ్గర ఉంటుంది. అయితే గాలి సాంద్రతను పీడనం ఒక్కటే నిర్ణయించదు, ఉష్ణోగ్రత కూడా అంతే నిర్ణయిస్తుంది. వైశాఖ మాసంలో మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో సాలూరులో ఉండే గాలి సాంద్రతను, పుష్య మాసంలో తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో సెమిలిగూడలో ఉండే గాలి సాంద్రతను లెక్కగట్టి చూస్తే రెండూ దాదాపు సరిసమానంగా తేలుతాయి. చలికాలంలో పొద్దున్నే బండి తీసినప్పుడు 'ఇవాళ బండి బలే లాగుతోంది' అనిపించడం ఊహ కాదు, భౌతికశాస్త్రమే. ఎండాకాలంలో ఫిల్టర్ మార్చి, చలికాలంలో ఫలితం చూసి మెచ్చుకునేవారు నిజానికి మెచ్చుకుంటున్నది రుతువును.

ఈ కారణం చేతనే ఏ పని మొదలుపెట్టే ముందైనా కొలత ఉండాలి. సున్నా నుంచి వందకు పరుగెత్తించి చూడడానికి మా దగ్గర తగిన రోడ్డూ లేదు, అది తగిన పనీ కాదు. మూడో గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర స్థిరంగా నడుపుతూ, ఒక్కసారి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, 80 చేరడానికి పట్టే సమయాన్ని ఫోనులోని జీపీఎస్ ఆధారిత యాప్‌తో కొలిస్తే చాలు. ఖాళీగా ఉన్న ఒకే సమతలపు రోడ్డు మీద, రెండు దిక్కుల్లోనూ మూడేసి సార్లు చేసి సగటు తీసుకుంటే గాలి వాటమూ, కంటికి తెలియని వాలూ రద్దైపోతాయి. ఉష్ణోగ్రత, టైరు పీడనం, బండిలో ఎంతమంది ఉన్నారన్నది రాసి పెట్టుకోవాలి. గేరు మార్చడం ఇందులో లేదు కాబట్టి నడిపేవాడి నేర్పు లెక్కలోకి రాదు, ఇంజను సంగతీ చక్రాల సంగతీ మాత్రమే బయటపడతాయి.

నా 2006 నాటి స్విఫ్ట్‌కు మొదటిసారి ఇలా కొలిచినప్పుడు పదకొండు సెకన్లకు ఒక పిసరు తక్కువగా వచ్చింది. అప్పటికే దానికి ఒక కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా తెరిచి ఉండే శంఖువు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) పెట్టించి ఉన్నాను. ఇంజను గొంతు మారింది, నా ముఖం వెలిగింది, గడియారం మాత్రం కదలలేదు. జయపురంలో మా బండ్లను చూసే పెద్ద మేస్త్రి బానెట్ ఎత్తి, ఆ ఫిల్టర్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "ముందు బండిలో ఉన్నదాన్ని రప్పించుకోండి బాబూ, లేనిదాని సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ మాటకు వ్యాఖ్యానమే.

బండిలో ఉన్నదాన్ని రప్పించుకోవడమనే పని కంప్రెషన్ చెక్‌తో, అంటే సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటున్నదో కొలవడంతో, మొదలవ్వాలి. నాలుగు సిలిండర్ల పీడనాలు ఒకదానికొకటి పది శాతం లోపు తేడాలో ఉంటే ఇంజను లోపలి ఆరోగ్యం బాగున్నట్టే. అలా లేకపోతే బయట ఎన్ని సామాన్లు బిగించినా అవి పూజకు పనికిరాని పూలే. ఆ తర్వాత వాల్వులను నొక్కే టాపెట్ల సందు సరిచూడడం, అరిగిన స్పార్క్ ప్లగ్గులు మార్చడం, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, కంపెనీ ఇచ్చిన రకం ఎయిర్ ఫిల్టర్‌నే కొత్తది వేయడం, వాల్వులను పిస్టన్లతో జతగా నడిపే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో గుర్తులు కలిపి చూడడం, ఇవన్నీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మామూలు ప్లగ్గుల సెట్టు వెయ్యి రూపాయల లోపే వస్తుంది. క్లచ్ జారుతున్నదో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ కూడా అక్కరలేదు: నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడు, వేగం పెరగకుండా ఆర్పీఎం ముల్లు మాత్రం ముందుకు దూకితే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టు.

వీటన్నిటికంటే మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేదీ, ఎవరూ అనుమానించనిదీ ఒకటున్నది. అది ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్ వైపు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్. ఎప్పుడో ఒక ఎండాకాలంలో బండి వేడెక్కితే, దారిలోని షెడ్డులో ఆ వాల్వును తీసి పారేసి, 'ఇక జన్మలో వేడెక్కదు' అని పంపిస్తారు. నిజంగానే వేడెక్కదు. కాని కొరాపుట్ చలిలో, దిగుడు దారిలో, ఇంజను తాను పని చేయవలసిన ఉష్ణోగ్రతకు చేరనే చేరదు. కూలెంట్ ఇంకా చల్లగానే ఉన్నదని సెన్సర్ చెబుతూ ఉంటే, ఇసియు (ఇంజనును నడిపించే కంప్యూటర్) ఇంజను ఇప్పుడే స్టార్ట్ అయినట్టు భావించి అదనపు ఇంధనాన్ని పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, ఏళ్ల తరబడి ఆ మసి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ గదుల్లో పేరుకుంటుంది, చివరికి పొగ బయటికి పోయే దారి ఇరుకై బండి గొంతు నొక్కినట్టవుతుంది. నా బండిలో జరిగింది అక్షరాలా ఇదే. కొన్ని వందల రూపాయల వాల్వు లేకపోవడం వల్ల కొన్ని వేల రూపాయల కన్వర్టర్ దెబ్బతినే దాకా వచ్చింది.

రెండో దొంగ బ్రేకు. కాలిపర్ (ప్యాడ్‌ను డిస్కుకు అదిమే భాగం) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే బ్రేకు ప్యాడ్ డిస్కును వదలదు. బండి పరుగెడుతున్నంతసేపూ ఒక చక్రం మీద ఎవరో చెయ్యి వేసి ఆపుతున్నట్టే ఉంటుంది. వర్షాకాలం నాలుగైదు నెలలు తడిసే జిల్లాలో ఇది సర్వసాధారణం. ఇరవై కిలోమీటర్లు నడిపాక, బ్రేకు ఎక్కువగా వాడకుండా బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టకుండా చెయ్యి దగ్గరగా ఉంచి చూస్తే వేడి తేడా తెలిసిపోతుంది. పిన్నులు తీసి శుభ్రం చేసి తగిన గ్రీజు రాయడానికి ఒక పూట కూలి సరిపోతుంది.

ఇంధనం విషయంలో ఇటీవల పరిస్థితి మారింది. దేశమంతటా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. లీటరుకు లీటరు పోల్చితే ఇథనాల్‌లోని శక్తి పెట్రోల్‌లో ఉన్న శక్తికి మూడింట రెండు వంతులే. దానిని పూర్తిగా కాల్చడానికి కావలసిన గాలి కూడా తక్కువే. శుద్ధమైన పెట్రోల్‌కు బరువులో 14.7 వంతుల గాలి కావలసి ఉండగా, ఈ మిశ్రమానికి సుమారు 13.5 వంతులు చాలు. అంటే ఇంజను పీల్చిన అదే గాలికి ఇంజెక్టర్లు ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే ఇసియు ఈ తేడాను చాలా వరకు సర్దుకుంటుంది. ఇరవై ఏళ్ల బండిలో సెన్సర్ మందగించి, ఇంజెక్టర్లు పూడుకుని, పంపు పీడనం తగ్గి ఉంటే మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, సరిగ్గా లారీని దాటేటప్పుడు, ఇంధనం చాలక ఇంజను తడబడుతుంది. పాత రబ్బరు గొట్టాలకూ ఇథనాల్ పడదు కాబట్టి వాటిని కూడా ఒకసారి చూసుకోవాలి. ఇక ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోల్ పోస్తే పికప్ వస్తుందన్న నమ్మకం గురించి: ఆక్టేన్ అంటే బలం కాదు, అకాలంలో పేలకుండా ఉండే ఓర్పు. ఆ ఓర్పును వాడుకునేలా ఇగ్నిషన్ టైమింగ్‌ను (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణాన్ని) ముందుకు జరపగల ఏర్పాటు ఇసియులో లేని ఇంజనుకు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

నా కోన్ ఫిల్టర్ కథకు తిరిగి వస్తాను. కంపెనీ అమర్చిన గాలి గొట్టం ముందు గ్రిల్ వెనక నుంచో ఫెండర్ మూల నుంచో బయటి చల్లని గాలిని తెస్తుంది. దానిని తీసి, ఇంజను పక్కన తెరిచి ఉన్న కోన్‌ను పెడితే అది బానెట్ కింద కాగిన గాలిని పీలుస్తుంది. లోపలికి పోయే గాలి 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే సాంద్రత దాదాపు తొమ్మిది శాతం తగ్గుతుంది. అంటే సెమిలిగూడలో ఉన్న బండిని మనమే డబ్బిచ్చి ఇంకో 900 మీటర్లు పైకి ఎక్కించినట్టు. పైగా పాత డబ్బాలోని గదులు ఉత్తినే పెట్టినవి కావు. అవి గాలి అలల శబ్దాన్ని అణచడమే కాక, కొన్ని ఆర్పీఎంల వద్ద సిలిండర్ నిండడానికి తోడ్పడతాయి. ఆ అణచివేత పోయాక వినబడే గర్జనను చెవి వేగమని పొరబడుతుంది.

సైలెన్సర్ గురించిన అపోహలు ఇంకా లోతైనవి, వాటిలో రెండు పరస్పర విరుద్ధమైనవి కూడా. ఒకరు 'గొట్టం ఎంత లావైతే అంత మంచిది' అంటారు, మరొకరు 'కాస్త బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురు ఒత్తిడి) ఉండాలి, లేకపోతే లోడులో లాగదు' అంటారు. నిజానికి ఏ ఇంజనుకూ బ్యాక్ ప్రెషర్ అవసరం లేదు. అవసరమైనది పొగ వేగం. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడు బయటికి దూకే పొగ ఒక అలలా గొట్టంలో పరుగెత్తుతుంది. ఆ అల పైపుల కూడలికి చేరి తిరిగి వచ్చేటప్పుడు తన వెనక ఒక తక్కువ పీడనపు ఖాళీని తెస్తుంది. ఆ ఖాళీ సరిగ్గా రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉన్న క్షణానికి సిలిండర్ దగ్గరకు చేరితే, మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త గాలిని లోపలికి పిలుస్తుంది. ఏ ఆర్పీఎం వద్ద ఈ సమయం కుదురుతుందన్నది గొట్టాల పొడవును బట్టీ లావును బట్టీ ఉంటుంది. మరీ లావు గొట్టంలో పొగ వేగం తగ్గి, ఈ ఊతం కింది ఆర్పీఎంలలో పోతుంది. ఘాటులో మనం వాడేది ఆ కింది ఆర్పీఎంలనే. లావు గొట్టం వేయించినవారు 'లోడులో లాగడం లేదు' అన్నప్పుడు వాళ్ల అనుభవం నిజమే, చెప్పిన కారణమే తప్పు. టర్బో (పొగ బలంతో తిరుగుతూ గాలిని ఇంజనులోకి నెట్టే పంకా) లేని ఇంజనుకు వెనక డబ్బా ఒక్కటి మార్చడం వల్ల వచ్చేది రెండు మూడు హార్స్‌పవర్‌కు మించదు. నాలుగు గొట్టాలు రెండై, రెండు ఒకటయ్యే మంచి హెడర్ (ఇంజను నుంచి పొగను తెచ్చే గొట్టాల కూర్పు) వల్ల కాస్త ఎక్కువ వస్తుంది గాని, దానికి తగినట్టు ఇంధనాన్నీ టైమింగ్‌నూ మళ్లీ సరిచేయించకపోతే అందులో సగం దక్కదు. తక్కువ బడ్జెట్ అన్న మాట అక్కడితో చెల్లిపోతుంది.

చక్రాల మీద పెట్టే డబ్బు చాలా సార్లు పికప్‌ను పెంచకపోగా తగ్గిస్తుంది. 165/80 ఆర్14 టైరు వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. అందం కోసం 195/65 ఆర్15 వేయిస్తే అది 634 దాటుతుంది, అంటే ప్రతి గేరూ రెండు శాతానికి పైగా బరువెక్కినట్టు. దానికి తోడు, చక్రం అంచున ఉన్న ప్రతి కిలోను బండితో పాటు ముందుకూ నెట్టాలి, గుండ్రంగానూ తిప్పాలి కాబట్టి అది వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోల పెట్టు. పెద్ద అల్లాయ్, వెడల్పు టైరు కలిపి చక్రానికి మూడు కిలోలు పెరిగితే, బండిలో ఇరవై కిలోల పైచిలుకు బరువు మోస్తున్నట్టే. 185/65 ఆర్15 అయితే వ్యాసం మారదు, తేలికైన రిమ్ములు దొరికితే మంచిదే. డిక్కీలోని సబ్‌వూఫర్ పెట్టెను తీసేయడం ఉచితంగా దొరికే పికప్. స్టెప్నీని మాత్రం తీయకండి. పొట్టంగి దగ్గర రాత్రి పంక్చర్ పడినప్పుడు ఆ పదిహేను కిలోల విలువ తెలుస్తుంది. వెనక సీట్లు పీకేయడమనే సలహా పోటీ బళ్లకు చెల్లుతుంది గాని, ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్య మారిపోయే పని ఇంటి బండికి కూడదు.

ఇంతవరకూ చెప్పినదంతా గాలిని తనంతట తాను పీల్చే ఇంజన్ల గురించి. టర్బో ఉన్న పోలో జీటీ, పుంటో అబార్త్, బాలెనో ఆర్ఎస్ వంటి బళ్ల సంగతి వేరు. కొండ మీద టర్బో విలువ ఎంతో లోకానికి తెలిసింది కూడా ఒక కొండ మీదనే. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక లిబర్టీ విమాన ఇంజనును లారీ మీద పైక్స్ పీక్ శిఖరానికి, నాలుగు వేల మీటర్ల పైకి, ఎక్కించి పరీక్షించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను పైన మూడింట రెండు వంతుల దగ్గరకు పడిపోయింది, టర్బో తగిలించాక కింద ఇచ్చినంతా ఇచ్చింది. మిగ్ ఇంజన్ల కోసం 1964లో వెలసిన కర్మాగారం సునాబెడలో ఉన్నది గనుక మా ఊళ్లలో గాలి పలచదనం గురించి టీకొట్టు దగ్గర కూడా వివరంగా చెప్పగలిగిన పెద్దలు దొరుకుతారు. అది ఈ జిల్లాలో ఉండడం వల్ల కలిగిన ఒక లాభం.

టర్బో ఇంజనులో గాలి ఎంత లోపలికి నెట్టాలన్నది ఇసియులోని పట్టికలు నిర్ణయిస్తాయి. ఆ పట్టికలను మార్చడమే రీమ్యాప్. టర్బో లేని ఇంజనుకు రీమ్యాప్ చేయిస్తే నాలుగైదు శాతం వస్తే గొప్ప. టర్బో ఇంజనుకు ఇరవై శాతం దాటి రావచ్చు. రూపాయికి దక్కే పికప్ లెక్కన ఇంతకు మించినది లేదన్నది నిజమే, అందుకే ఇరవై వేల నుంచి నలభై వేల దాకా పెట్టడానికి జనం వెనకాడడం లేదు. అయితే ఇక్కడే ఎత్తు మళ్లీ అడ్డు వస్తుంది. ట్యూనర్ (ఈ పట్టికలు మార్చే నిపుణుడు) విశాఖపట్నంలో కూర్చుని ఇంజనుకు మొత్తం రెండు బార్ల పీడనం అందేలా పట్టిక రాస్తే, అక్కడ టర్బో గాలిని రెండింతలు నొక్కితే చాలు. అదే లక్ష్యాన్ని సెమిలిగూడలో అందుకోవడానికి 2.2 రెట్లు నొక్కాలి. టర్బో అంత వేగంగా తిరగాలి, గాలి అంతగా కాగుతుంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీద భారం పెరుగుతుంది. కంపెనీ పట్టికలో కొండ ఎత్తులకు వదిలిన వెసులుబాటును మైదానపు రీమ్యాప్ ముందే వాడేసుకుని ఉంటుంది. అందువల్ల మా వైపు వారు రీమ్యాప్ చేయించదలిస్తే, పని అయ్యాక బండిని ఇక్కడికి తెచ్చి, ఘాటులో నడుపుతూ బూస్ట్ (టర్బో నెట్టే పీడనం), ఇగ్నిషన్ టైమింగ్, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతల లాగ్‌ను ఇసియు లెక్కలు చదివే ఓబీడీ రీడర్‌తో రికార్డు చేసి, ట్యూనర్‌కు పంపి సరిచేయించుకునే షరతు మీదనే డబ్బు ఇవ్వాలి. ఆ షరతుకు ఒప్పుకోనివారి దగ్గరకు పోకపోవడమే మేలు. పోలో జీటీలోని ఏడు గేర్ల పొడి క్లచ్ ఆటోమేటిక్‌ను 250 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) కోసం రూపొందించారు, ఇంజను కంపెనీ నుంచి 175 ఇస్తుంది. ఆ మధ్య ఉన్న జాగా అంతా వాడేయాలన్న ఆశ పుడితే, తర్వాత క్లచ్‌లకు అయ్యే ఖర్చు ముందు రీమ్యాప్ ఖర్చు సోదిలోకి కూడా రాదు. సెన్సర్ తీగల మధ్య తగిలించే చవక ట్యూనింగ్ డబ్బాలు ఇసియుకు అబద్ధం చెప్పి పని చేయించుకుంటాయి, వాటి జోలికి పోవద్దని మాత్రం చెప్పి ఊరుకుంటాను. డీజిల్ బళ్లకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి, నల్ల పొగ కక్కేలా చేసిన రీమ్యాప్ మంచి రీమ్యాప్ కాదు.

చట్టం సంగతి దాటవేయడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతున్నది. శబ్దం, పొగ పరిమితులు దాటితే వేరే సెక్షన్ కింద పదివేల వరకు జరిమానా ఉంది. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు కాబట్టి, పాత బండికి ఈ మార్పులు ఎప్పుడో ఒకప్పుడు బయటపడవలసినవే. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్‌కు అడ్డం పడుతుంది. గమనిస్తే, నేను మొదట చెప్పిన పనులేవీ ఈ సెక్షన్ల కిందికి రావు. కంపెనీ ఎలా ఇచ్చిందో అలా బండిని తిరిగి తేవడాన్ని ఏ చట్టమూ ప్రశ్నించదు.

నా బండికి కొత్త థర్మోస్టాట్, ప్లగ్గులు, టాపెట్ సెట్టింగ్, ఇంజెక్టర్ల శుభ్రత, కాలిపర్ పిన్నులు, పాత పద్ధతి ఎయిర్ ఫిల్టర్ డబ్బా, టైర్లు మొదటి సైజుకు తేవడం, వీటన్నిటికీ వాడిన టైర్లు అమ్మగా వచ్చినది పోను పదకొండు వేల చిల్లర అయింది. కన్వర్టర్‌కు అయినది ఇందులో కలపలేదు, ఆ పాపం వేరే ఖాతాలోది. మూడో గేరులో 40 నుంచి 80కి పట్టే సమయం అదే రోడ్డు మీద, దాదాపు అదే ఉష్ణోగ్రతలో, తొమ్మిదిన్నర సెకన్ల లోపుకు దిగింది. ఆపైన దక్కిన ఇంకో అర సెకను ఖర్చు లేనిది: ఘాటులో లారీ వెనక మూడో గేరులోనే ఉండి దాటాలని చూసే అలవాటు మాని, ముందే రెండో గేరుకు దించి, ఇంజనును 4000 ఆర్పీఎం పైన ఉంచి బయటికి తీయడం. టార్కు శిఖరం 4500 దగ్గర ఉన్న ఇంజనును 2500 దగ్గర తొక్కి, అది లాగడం లేదని తిట్టుకోవడం పదేళ్లు నేను చేసిన పని.

ఒక పని మాత్రం పికప్‌కు సంబంధించినది కాకపోయినా అదే బడ్జెట్‌లో చేయించాను. పొట్టంగి నుంచి సాలూరు దిగే దారిలో బ్రేకు డిస్కులు కాగిపోతాయి, బ్రేకు ఆయిల్ ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అది 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉంటే దానినే, పుస్తకం ఒప్పుకుంటే డాట్ 4ను, రెండేళ్లకోసారి పూర్తిగా మార్పించాలి. మా మేస్త్రి నా బండిలోంచి తీసిన పాత బ్రేకు ఆయిల్‌ను సీసాలో పోసి చూపించినప్పుడు అది కాఫీ డికాషన్ రంగులో ఉంది.